అరుగు లేని ఇల్లు

గుమ్మం ముందుకొచ్చే అపరిచితులు ఎన్నడూ లేనంతగా పెరిగారు. వాళ్లు కాసేపు నిలబడే చోటే లేకుండా పోయింది

మే నెల, మధ్యాహ్నం రెండు గంటలు. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఏదో ఒక అపార్ట్‌మెంట్, నాలుగో అంతస్తు. కాలింగ్ బెల్ మోగుతుంది. తలుపు జానెడు తెరుచుకుంటుంది. లోపలి నుంచి ఒక చెయ్యి బయటికొస్తుంది, బయటి నుంచి ఒక సంచీ లోపలికెళ్తుంది. అవసరమైతే నాలుగంకెల ఓటీపీ. తలుపు మూసుకుంటుంది. అంతా కలిపి అర నిమిషం. బయట నిలబడ్డ కుర్రాడి చొక్కా చెమటకు తడిసి వీపుకు అతుక్కుపోయిన సంగతి లోపలివాళ్ల కంట పడదు. వాళ్ల చూపు ఫోన్ మీద ఉంటుంది.

ఆ ఇంట్లోవాళ్లేమీ చెడ్డవాళ్లు కారు. పిల్లాడి పుట్టినరోజుకు అనాథాశ్రమంలో భోజనాలు పెట్టిస్తారు. వరదలొస్తే సహాయనిధికి చెక్కు రాస్తారు. ఎండలో వచ్చిన మనిషిని 'మంచినీళ్లు తాగుతావా బాబూ?' అని అడగడం మాత్రం తోచదు. తోచినా గ్లాసు తెచ్చేలోపు అతను లిఫ్టు ఎక్కేస్తాడు. తర్వాతి ఆర్డరు అప్పటికే అతని జేబులో మోగుతూ ఉంటుంది.

మధ్యతరగతి ఇంటి గుమ్మానికి ఇంతమంది కొత్తవాళ్లు గతంలో ఎప్పుడూ రాలేదు. పాలప్యాకెట్లవాడితో మొదలై చెత్తబండి, ఇస్త్రీ, గ్యాస్ సిలిండరు, కొరియరు, కిరాణా సరుకులు, రాత్రి పదకొండుకు బిర్యానీ దాకా రోజుకు పదిమందైనా తేలతారు. దేశంలో గిగ్ కార్మికులు 2020-21లో 77 లక్షల మంది ఉన్నారని నీతి ఆయోగ్ 2022లో అంచనా వేసింది. 2029-30 నాటికి ఆ సంఖ్య 2 కోట్ల 35 లక్షలకు చేరుతుందని కూడా చెప్పింది. వీళ్లంతా ఇంటికి వచ్చేవాళ్లే కాకపోవచ్చు. కానీ వచ్చేవాళ్ల సంఖ్య పెరుగుతున్న కొద్దీ ఒక్కొక్కరితో గడిపే సమయం తరిగిపోతోంది. 2020లో కరోనా పుణ్యమా అని మొదలైన 'గుమ్మం దగ్గర పెట్టి వెళ్లండి' అనే ఏర్పాటుతో ఆ అర నిమిషం కూడా చాలాచోట్ల పోయింది.

ఇలాంటప్పుడు 'పాతకాలంలో మనుషులు మంచివాళ్లు' అని నిట్టూర్చడం రివాజు. నిజానికి అప్పటి మనుషులూ ఇప్పటివాళ్లలాంటివాళ్లే. పిసినారులూ ఉండేవారు, నోటి దురుసువాళ్లూ ఉండేవారు. తేడా ఎక్కువగా ఇంటి కట్టుబడిలో ఉంది.

కోస్తాలో మండువా లోగిలికైనా, తెలంగాణలో భవంతి ఇంటికైనా వీధివైపు అరుగు ఉండేది. తమిళులు దాన్ని తిణ్ణై అంటారు, కన్నడిగులు జగలి అంటారు. అది ఇంటి యజమాని స్థలమే, కానీ బాటసారి కూర్చోవడానికి ఆయన అనుమతి అక్కర్లేదు. గాజుల మలారంతో వచ్చిన ఆవిడ, పక్కూరు వెళ్తూ ఎండకు ఆగిన రైతు, బస్సు తప్పిపోయిన గుమాస్తా ఆ అరుగు మీద చతికిలబడేవారు. లోపలి నుంచి ఎవరో ఒకరు తొంగి చూసేవారు. మనిషి కనబడ్డాక, పైగా అరగంట సేపు కళ్లెదుటే కూర్చున్నాక, చెంబుతో నీళ్లు ఇవ్వకుండా ఉండాలంటే బాగా కష్టపడాలి. అరుగు చేసిన పని అదే. దయ చూపమని ఎవరికీ నీతులు చెప్పలేదు, చూపకపోవడాన్ని ఇబ్బందికరం చేసింది.

ఇంటి లోపలా ఇలాంటి ఏర్పాట్లే ఉండేవి. ఎసట్లో బియ్యం పోసేటప్పుడు ఇంట్లోవాళ్ల లెక్కకు మించి ఒక పిడికెడు పోయడం చాలా ఇళ్లలో అలవాటు. ఎవరూ రాకపోతే పొద్దున్నే చద్దన్నం అవుతుంది. వేసవి వస్తే వాకిట్లో ఇసుక పోసి, దానిమీద కొత్త కుండ పెట్టి, చుట్టూ తడిగుడ్డ కట్టేవారు. పక్కనే గ్లాసు. మజ్జిగలో ఇన్ని నీళ్లు ఎక్కువ పోస్తే ఇంకో ఇద్దరికి సరిపోతుంది, ఉప్పు కలిపితే పల్చదనం తెలియదు. ధనుర్మాసంలో హరిదాసు వస్తే పెద్దవాళ్లు ఇంట్లోనే ఉన్నా బియ్యం పిల్లల చేతికిచ్చి పంపేవారు. హరిదాసు నోరు తెరిచి అడిగేవాడు కాదు. మోకాలి మీద వంగేవాడు, పిల్లలు దోసిట్లోంచి సగం నేల మీద, సగం ఆయన తల మీది పాత్రలో పోసేవారు. ఇప్పుడు పట్టణాల్లో స్కూటరు మీద, మైకు పెట్టుకుని వచ్చే హరిదాసులు ఉన్నారు. అందులో తప్పేమీ లేదు, ఆయనకూ మోకాళ్లుంటాయి. కానీ మూడో అంతస్తులో ఉన్న పిల్లలు దోసిలి నింపుకుని కిందికి దిగేలోపు స్కూటరు వెళ్లిపోతుంది.

ఈ ఏర్పాట్లన్నింటిలోకీ తెలివైనది వారాలు. ఊళ్లో హైస్కూలు లేక పట్టణానికి చదువుకు వచ్చిన పేద కుర్రాడు ఏడు ఇళ్లు మాట్లాడుకునేవాడు. సోమవారం ప్లీడరు గారింట్లో, మంగళవారం హెడ్‌మాస్టరు గారింట్లో, బుధవారం కరణం గారింట్లో భోజనం. ఏడిళ్లు కుదిరితే అదృష్టవంతుడు. ఆరే కుదిరితే ఏడోరోజు మంచినీళ్లతో సరిపెట్టుకోవాలి, లేదా ఆరో రోజు రాత్రి కాస్త ఎక్కువ తినాలి. మహారాష్ట్రలో మాధుకరి, కర్ణాటకలో వారాన్నం పేరుతో ఇలాంటి పద్ధతులే ఉండేవి. 20వ శతాబ్దం తొలి సగంలో కింది నుంచి పైకొచ్చిన ఎందరో పండితులు, లాయర్లు, ఉపాధ్యాయులు తమ జ్ఞాపకాల్లో ఈ వారాల సంగతి రాసుకున్నారు.

వారాల గొప్పదనమంతా దాని లెక్కలో ఉంది. ఏ ఇంటికీ అది బరువు కాదు. వారానికొక రోజు, ఒక విస్తరి. కుర్రాణ్ని చదివిస్తున్నామని ఏ ఒక్క ఇల్లూ చెప్పుకోవడానికి లేదు, ఎందుకంటే ఆ ఘనతలో ఏడో వంతే తమది. కుర్రాడు కూడా ఏ ఒక్కరికీ పూర్తిగా రుణపడిపోడు. బావి నుంచి నాలుగు బిందెలు తోడి, ఆ ఇంటి చిన్నపిల్లలకు ఎక్కాలు చెప్పి తన వంతు తీర్చుకునేవాడు. అలాగని అంతా తియ్యగా ఉండేదని కాదు. గురువారం ఇంటి ఇల్లాలు రెండోసారి నెయ్యి వేస్తే, శుక్రవారం ఇంటావిడ అన్నం వడ్డిస్తూ నిట్టూర్చేది. తినేవాడికి ఆ నిట్టూర్పు ఏభై ఏళ్ల తర్వాత కూడా గుర్తుండిపోయేది. ఎవరింట్లో ఏం పెట్టారన్నది మర్చిపోయినవాళ్లున్నారు గానీ, ఎలా పెట్టారన్నది మర్చిపోయినవాళ్లు తక్కువ.

అయితే ఆ ఏడు ఇళ్లూ సాధారణంగా ఒకే కులానివి. కుర్రాడిదీ అదే కులం. వారాలు ప్రధానంగా బ్రాహ్మణ కుర్రాళ్లకు దక్కిన వసతి. మిగతా కులాల పిల్లవాడు పట్నం వచ్చి చదువుకోవాలంటే అతనికి గురువారమూ లేదు, శుక్రవారమూ లేదు. హాస్టళ్ల ఉద్యమం పుట్టడానికి ఇదొక కారణం. కొల్హాపూర్‌లో సాహూ మహరాజ్ 1901 నుంచి కులాలవారీగా విద్యార్థి వసతి గృహాలు పెట్టించారు. హైదరాబాద్‌లో రాజాబహద్దూర్ వెంకటరామారెడ్డి 1918లో రెడ్డి హాస్టల్ నెలకొల్పారు. ఆ తర్వాత చాలాకాలానికి ప్రభుత్వ సంక్షేమ హాస్టళ్లు వచ్చాయి. అక్కడి పప్పుచారు మీద ఎన్ని ఫిర్యాదులున్నా, దాన్ని తినడానికి ఎవరి గుమ్మం ముందూ నిలబడనక్కర్లేదు. ఈ తేడాను తక్కువ చేయడానికి వీల్లేదు.

అరుగు గురించి మురిసిపోయేవాళ్లు సాధారణంగా దాటవేసే సంగతి ఇదే. 'ఏ ఊరు బాబూ? ఎవరబ్బాయివి?' అనేది తెలుగునాట అపరిచితుణ్ని పలకరించే మొదటి మాట. అందులో ఆప్యాయత ఉంది. నీళ్లు గ్లాసులో ఇవ్వాలా, దోసిట్లో ఎత్తి పోయాలా, అసలు పోయాలా వద్దా అన్న విచారణ కూడా అందులోనే ఉంది.

1901 వేసవిలో మహారాష్ట్రలోని సతారా నుంచి కొందరు పిల్లలు రైలెక్కారు. తండ్రి కోరెగావ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు, సెలవులకు రమ్మని ఉత్తరం రాశాడు. కొత్త బట్టలు కుట్టించుకున్నారు. రైలంటే సంబరం. మసూర్ స్టేషన్‌లో దిగారు. వాళ్లు బయల్దేరుతున్న కబురు తండ్రికి అందలేదు, తీసుకెళ్లడానికి ఎవరూ రాలేదు. చక్కగా ముస్తాబై ఉన్న పిల్లల్ని చూసి స్టేషన్ మాస్టరుకు జాలేసింది, దగ్గరికొచ్చి వివరాలు అడిగాడు. మహర్లమని చెప్పగానే ఆయన ముఖం మారిపోయింది. బాడుగ బళ్లవాళ్లు ఎవరూ ఎక్కించుకోమన్నారు. చివరికి ఒకడు రెట్టింపు బాడుగకు ఒప్పుకున్నాడు. షరతు ఏమిటంటే, బండి పిల్లలే తోలుకోవాలి, అతను నడిచి వస్తాడు. వాళ్ల దగ్గర తిండి నిండుగా ఉంది. తాగడానికి నీళ్లే లేవు. రాత్రి టోల్ గేటు దగ్గర, బండివాడు చెప్పిన ప్రకారం ముస్లింలమని చెప్పి అడిగినా అక్కడి మనిషి నీళ్లివ్వలేదు. నీళ్లు లేక తిండి ముట్టకుండా ఆ రాత్రంతా గడిపారు. ఆ పిల్లల్లో పదేళ్లు నిండీ నిండని ఒకడి పేరు భీమ్‌రావ్. తర్వాతి కాలంలో అంబేద్కర్ ఈ సంగతి 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' పేరుతో రాసిన జ్ఞాపకాల్లో మొట్టమొదట చెప్పుకున్నారు.

ఆ దారి పొడుగునా ఇళ్లున్నాయి, అరుగులున్నాయి, కుండలున్నాయి. ఎసట్లో పిడికెడు బియ్యం ఎక్కువ పోసే ఇల్లాళ్లు కూడా ఉండే ఉంటారు. 1927 మార్చి 20న మహద్‌లో చవదార్ చెరువులో అంబేద్కర్ దోసిలితో నీళ్లు తీసుకుని తాగిన రోజున, ఆయన అడిగింది ఎవరి దయనూ కాదు. ఆనాటి రైల్వే స్టేషన్లలో హిందువుల నీళ్లు వేరు, ముస్లింల నీళ్లు వేరు. దాహం ఒకటే అయినా కుండలు రెండు.

నగరం ఈ విచారణను కొంతవరకు రద్దు చేసింది. ఇరానీ హోటల్లో టీ తాగేవాణ్ని ఎవరబ్బాయివని ఎవరూ అడగరు. సిటీ బస్సులో పక్కవాడి సీసాలో నీళ్లు తాగేటప్పుడు గోత్రం చెప్పనక్కర్లేదు. కానీ ఆ పాత ప్రశ్న చావలేదు, దారి మార్చుకుంది. ఆర్డరు తెచ్చే కుర్రాడి పేరు యాప్‌లో ముందే కనిపిస్తుంది. 2019 జులైలో జబల్‌పూర్‌లో ఒక వినియోగదారు, భోజనం తెస్తున్న వ్యక్తి హిందువు కాదని ఆర్డరు రద్దు చేసుకుని, ఆ సంగతి తానే గొప్పగా లోకానికి చాటుకున్నాడు. అంత బాహాటంగా చెప్పుకునేవాళ్లు తక్కువే. పనిమనిషి టీ గ్లాసు వంటింటి కిటికీలో విడిగా బోర్లించి ఉండే ఇళ్లు మాత్రం తక్కువ కాదు. అదే ఇంటి అపార్ట్‌మెంట్ లిఫ్టు పక్కన 'పనివాళ్లు, డెలివరీవాళ్లు సర్వీస్ లిఫ్టు వాడాలి' అన్న బోర్డు ఉంటుంది. సర్వీస్ లిఫ్టు లేని భవనాల్లో వాళ్లకు మెట్లే గతి.

ఇంకో లెక్క కూడా ఉంది. అది అతిథి మర్యాదల గురించి రాసేవాళ్లు తరచు మర్చిపోయేది, ఎందుకంటే రాసేవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లు. 'భోంచేసి వెళ్లండి' అనే మాట ఇంటాయనది. పొయ్యి మళ్లీ రాజేసేది ఇంటావిడ. దారినపోయేవాళ్లను పిలిచి అన్నం పెట్టిన మహానుభావుడని ఆయనకు ఊళ్లో పేరు. అందరూ తిన్నాక అడుగంటిన గిన్నెలో మిగిలినది తిన్న మనిషికి ఏ పేరూ లేదు. ఈ అన్యాయానికి తెలుగునాట ఉన్న పెద్ద మినహాయింపు డొక్కా సీతమ్మ. 1841లో మండపేటలో పుట్టి, గోదావరి లంకల్లోని గన్నవరానికి కోడలిగా వచ్చారు. ఏటి పాయలు దాటుతూ వేళాపాళా లేకుండా వచ్చే బాటసారులకు 1909లో కన్నుమూసేదాకా అన్నం వండి పెట్టారు. భర్త జోగన్న పేరు కంటే ఆమె పేరే నిలిచింది. గన్నవరం దగ్గర వైనతేయ పాయ మీది అక్విడక్టుకు ఆమె పేరు పెట్టారు. 2024లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడి పిల్లల మధ్యాహ్న భోజన పథకానికీ ఆమె పేరే పెట్టింది. ఇవాళ భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు పోయి రాత్రి ఎనిమిదికి ఇల్లు చేరే సంసారాల్లో వచ్చినవాళ్లకు అన్నం పెట్టే ఆనవాయితీ పోయిందని బాధపడేవాళ్లు, అది ఎవరి నడుము మీద నడిచిందో కూడా చూడాలి.

పోగా మిగిలింది భయం. పూర్వం రైల్లో పులిహోర పొట్లం విప్పితే ఎదుటి బెర్తు పిల్లవాడికి కూడా ఒక ముద్ద దక్కేది. కాదంటే పెద్దవాళ్లు నొచ్చుకునేవారు. ఇప్పుడు అపరిచితులు ఇచ్చే తినుబండారాలు తీసుకోవద్దని రైల్వే శాఖే స్టేషన్లలో మూడు భాషల్లో చెబుతోంది. చెప్పడానికి కారణమూ ఉంది. మత్తుమందు కలిపిన బిస్కెట్లు తిని, స్పృహ తప్పి, సామాన్లు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. పిల్లలు అమెరికాలో, తల్లిదండ్రులు ఇక్కడ ఒంటరిగా ఉండే ఇళ్లలో తలుపు గొలుసు తీయకపోవడాన్ని తప్పుపట్టేవాళ్లకు ఆ రాత్రుల సంగతి తెలియదు. చాక్లెట్ ఇస్తే తీసుకోకూడదని పిల్లలకు నేర్పే తల్లి చేసేది సరైన పనే. కాకపోతే గొలుసు వేసిన తలుపు సందులోంచి కూడా గ్లాసు పడుతుంది. జాగ్రత్త పేరు చెప్పి మానేసిన పనుల్లో సగం వాటికి జాగ్రత్తతో నిమిత్తం లేదు.

పైగా ఈ భయం ఎప్పుడు మాయమవుతుందో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. 2005 జులై 26న ముంబైలోని శాంతాక్రజ్‌లో 24 గంటల్లో 944 మిల్లీమీటర్ల వాన కురిసింది. రైళ్లు ఆగిపోయాయి. ఆఫీసుల నుంచి లక్షల మంది మొలలోతు నీళ్లలో ఇళ్లకు నడిచారు. పక్క ఫ్లాట్‌వాళ్ల పేరు కూడా తెలియని ఆ నగరంలో దారి పొడుగునా జనం టీ, బిస్కెట్లు, మంచినీళ్లు పట్టుకుని నిలబడ్డారు. ముక్కూ మొహం తెలియని ఆడవాళ్లను ఇళ్లలోకి పిలిచి పొడి చీరలిచ్చి పడుకోబెట్టారు. ఆ రాత్రి గొలుసులు ఎవరికీ గుర్తురాలేదు.

2020 వేసవి ఇంకా చిత్రమైనది. మార్చి 24 రాత్రి లాక్‌డౌన్ ప్రకటించాక తెలంగాణ, ఆంధ్ర పల్లెలు చాలావాటిలో కొత్తవాళ్లెవరూ రాకుండా ఊరి పొలిమేరలో ముళ్లకంపలు అడ్డంవేశారు. నగరాల్లో కొందరు ఇళ్ల యజమానులు అద్దెకుంటున్న డాక్టర్లనూ నర్సులనూ ఖాళీ చేయమన్నారు. అవే వారాల్లో మేడ్చల్ మీదుగా ఉత్తరాదికి పోయే 44వ నంబరు జాతీయ రహదారి వెంట, బిహార్, జార్ఖండ్, ఉత్తరప్రదేశ్‌లకు కాలినడకన బయల్దేరిన కూలీలకు అన్నం పొట్లాలు, మజ్జిగ, అరటిపళ్లు అందించినవాళ్లు ఉన్నారు. చెప్పులు తెగిపోయినవాళ్లకు చెప్పులు కొనిచ్చినవాళ్లున్నారు. కంప అడ్డంవేసిన చెయ్యి, పొట్లం కట్టిన చెయ్యి కొన్ని ఊళ్లలో ఒకటే. మనిషి మంచివాడా చెడ్డవాడా అన్న చర్చ ఇక్కడ పనికిరాదు. రోడ్డు మీద నడిచిపోతున్న చంటిబిడ్డ తల్లి కంటికి కనబడింది, ఊళ్లోకి రాబోయే రోగం ఊహలో మాత్రమే ఉంది.

విపత్తులో తలుపు తెరవడం ఒక రకంగా తేలిక. అది ఒక్క రాత్రి పని, ఆ రాత్రికి అందరూ తెరుస్తారు. ప్రతి మంగళవారం ఒక విస్తరి అదనంగా వేయడమే కష్టం. ఆ పాత వారాల లెక్కను కులం లేకుండా, నిట్టూర్పు వినబడకుండా మళ్లీ పట్టాలెక్కించిన ఉదాహరణ ఒకటి కేరళలో ఉంది. 2017 నుంచి తిరువనంతపురం మెడికల్ కాలేజీ ఆసుపత్రిలో డీవైఎఫ్ఐ అనే యువజన సంఘం రోగులకు, వాళ్ల వెంట ఉండేవాళ్లకు ఇళ్ల నుంచి సేకరించిన భోజనం పొట్లాలు పంచుతోంది. తర్వాత ఇతర ఆసుపత్రులకూ అది పాకింది. సంఘం వాళ్లు ఏ వీధిలో ఏ రోజు వస్తారో ముందే చెబుతారు. ఆ రోజు ఆ ఇళ్లవాళ్లు తమకు వండుకున్నదే ఇంకో పొట్లం కట్టి ఉంచుతారు. అరటాకులో అన్నం, ఒక కూర, చేపముక్క ఉంటే చేపముక్క, మూలన చమ్మంది పచ్చడి. సంఘానిది వామపక్ష రాజకీయం. పొట్లం కట్టే ఇళ్లలో అన్ని జెండాలవాళ్లూ ఉంటారు. ఎవరు తింటారో కట్టినవాళ్లకు తెలియదు, ఎవరు కట్టారో తిన్నవాళ్లకు తెలియదు. 'ఎవరబ్బాయివి?' అని అడిగే వీలే లేదు.

2022లో అలాంటి ఒక పొట్లంలో చిన్న చీటీ బయటపడింది. బడికి పోయే పిల్లో పిల్లాడో రాసింది. అమ్మ ఇంట్లో లేదని, స్కూలుకు వెళ్లే హడావిడిలో తానే చేశానని, రుచిగా లేకపోతే క్షమించమని ఆ చీటీ సారాంశం. అది తిన్న మనిషి దాన్ని ఫొటో తీసి లోకానికి చూపించడంతో కేరళ అంతా దాని గురించి మాట్లాడుకుంది. దోసిట్లో బియ్యం పట్టుకుని హరిదాసు దగ్గరికి పరుగెత్తిన పిల్లలకు ఈ పిల్ల దగ్గరి బంధువు.

పెద్దాసుపత్రులు ఇప్పటికీ పాత అరుగుల్లా ఉండటం యాదృచ్ఛికం కాదు. హైదరాబాద్‌లో గాంధీ, నిమ్స్, విశాఖలో కేజీహెచ్, గుంటూరులో జీజీహెచ్ - ఏ జనరల్ వార్డులో చూసినా పక్క బెడ్డు మనిషికి సెలైన్ సీసా అయిపోతుంటే నర్సును కేకేసేది బంధువు కాదు, ఇవతలి బెడ్డు రోగి తాలూకు మనిషి. ఫ్లాస్కులో వేడినీళ్లు, ఛార్జరు, దుప్పటి చేతులు మారుతుంటాయి. అక్కడ జనం గంటల తరబడి పక్కపక్కన కూర్చుంటారు. కార్పొరేట్ ఆసుపత్రి ప్రత్యేక గదిలో ఇవన్నీ ఉండవు. అక్కడ టీవీ ఉంటుంది.

అపార్ట్‌మెంట్లలోనూ కొందరు ఏదో ఒకటి చేస్తున్నారు. వేసవి మూడు నెలలూ తలుపు పక్కన స్టూలు మీద మంచినీళ్ల సీసాలు, మజ్జిగ ప్యాకెట్లు పెట్టి 'కావాల్సినవాళ్లు తీసుకోండి' అని కాగితం అతికించేవాళ్లు కనిపిస్తున్నారు. ఇందులో సుళువు ఏమిటంటే తలుపు తీయనక్కర్లేదు, కుర్రాడు ఆగనక్కర్లేదు, ఎవరికీ మొహమాటం లేదు. నష్టం కూడా అదే, రెండు మొహాలు ఎదురుపడవు. అయినా ఎండాకాలం అరక్షణం కూడా ఆగలేని మనిషికి ఎదురుపడే మొహం కంటే చల్లని సీసా ముఖ్యం. 2015 వేసవిలో వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రాల్లో రెండు వేల మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎండన పడి పనిచేసేవాళ్లు చాలామంది. ఇక యాప్‌లో ఇరవై రూపాయల టిప్పు నొక్కడం, ఐదు నక్షత్రాలు ఇవ్వడం కూడా దయ కిందికే వస్తాయా అంటే, తక్కువ నక్షత్రాలు వస్తే ఏమవుతుందో తెలిసిన కుర్రాళ్లు వస్తాయనే అంటారు.

డెలివరీ పనివాళ్ల కోసం కంపెనీలు కొన్ని విశ్రాంతి కేంద్రాలు ప్రకటించాయి. చెన్నై కార్పొరేషన్ 2025లో రోడ్డు పక్కన ఏసీ గదులు ఏర్పాటు చేసింది. కూర్చోవడానికి బెంచీలు, ఫోన్ ఛార్జింగ్, తాగునీరు, మరుగుదొడ్డి. ప్రభుత్వం కట్టిన అరుగు అనుకోవచ్చు. ఆ జాబితాలో చివరిది చిన్నదిగా కనిపిస్తుంది గానీ అసలు కష్టం అక్కడే ఉంది. ఈ పనిలోకి ఆడవాళ్లు కూడా వస్తున్నారు. ఇంటింటికీ తిరిగి ఏసీలు, వాషింగ్ మెషీన్లు బాగుచేసేవాళ్లు, ఇళ్లకొచ్చి బ్యూటీ పార్లర్ పనులు చేసేవాళ్లు, స్కూటీ మీద సరుకులు తెచ్చేవాళ్లు రోజుకు పది గంటలు రోడ్డు మీద ఉంటారు. దాహమేస్తే ఎక్కడో ఒకచోట అడుగుతారు, చాలామంది ఇస్తారు కూడా. రెండో అవసరం గురించి అడగడానికి నోరు రాదు. అందుకే వాళ్లలో కొందరు పొద్దుటి నుంచి నీళ్లే తక్కువ తాగుతారు. వేసవిలో దాని పర్యవసానం ఏమిటో ఏ గైనకాలజిస్టునడిగినా చెబుతారు.

మంచినీళ్లు అడగకుండానే ఇచ్చే ఇళ్లలో కూడా 'బాత్రూమ్ వాడుకోవచ్చా అండీ?' అన్న మాటకు ఒక క్షణం నిశ్శబ్దం ఉంటుంది. అరుగు ఉన్న రోజుల్లోనూ ఆ ప్రశ్నకు జవాబు లేదు, అప్పుడు అది ఇంటి వెనక పెరట్లో ఉండేది, చాలా ఇళ్లకు అదీ లేదు. ఇప్పుడు మూడు పడకగదుల ఫ్లాటులో మూడు ఉంటున్నాయి. వాటిలో ఒకటి అపరిచితురాలికి చూపించడానికి ఇంటావిడ సంకోచిస్తే ఆమెను తప్పుపట్టడం కష్టమే, లోపల ఆమె ఒక్కతే ఉండి ఉండవచ్చు. కానీ ప్రతి అపార్ట్‌మెంట్ సెల్లారులో వాచ్‌మన్ కుటుంబం కోసమనో, డ్రైవర్ల కోసమనో ప్లానులో చూపించి కట్టిన మరుగుదొడ్డి ఒకటి ఉంటుంది. దానికి బల్బు, నీళ్లు, లోపలి గడియ ఉంటే చాలు. చాలాచోట్ల అది పాత పెయింటు డబ్బాలతో, విరిగిన కుర్చీలతో నిండి ఉంటుంది. తాళం అసోసియేషన్ కార్యదర్శి గారి దగ్గర ఉంటుంది.